పాత లాయానికి కొత్త రౌతు

దివ్యాంగులకు గుర్రపుస్వారీ నేర్పే సేవాకేంద్రంగా పాత లాయాన్ని బాగుచేయడమంటే, ఎప్పుడో గుర్రం కొలతకు కట్టిన కట్టడాన్ని నడవలేని మనిషి కొలతకు మళ్లీ కొలవడమే. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో రాతిగోడల మట్టిమిద్దె ఇంకా పూర్తిగా కనుమరుగు కాలేదు గనుక, ఈ పనిని అక్కడి కట్టుబడి రీతిలోనే ఆలోచించడం మేలు. నిజాం సోదరుడు బసాలత్ జంగ్ ఏలుబడిలో ఉండి, 1786లో టిప్పు సుల్తాన్ ముట్టడిని చవిచూసి, 1800లో దత్తమండలంతో పాటు కంపెనీ పాలనలోకి పోయిన ఆదోనికి గుర్రం కొత్త కాదు. పత్తి వ్యాపారం ఊరిని ఆక్రమించాక అది వెనక్కు తగ్గిందంతే.

గుర్రం నడిచేటప్పుడు దాని వీపు ముందుకూ వెనక్కూ, పక్కలకూ ఊగుతూ కొద్దిగా మెలి కూడా తిరుగుతుంది. ఆ కదలిక రౌతు కటిభాగానికి చేరి, కాళ్లతో నడిచే మనిషి నడుము ఎలా కదులుతుందో దాదాపు అలాగే కదిలిస్తుంది. ఫిజియోథెరపిస్టు ఈ కదలికను వైద్యంగా వాడితే దానిని హిప్పోథెరపీ అంటారు. స్వారీని విద్యగా నేర్పడం వేరు. పోలియోతో 1944లో మోకాళ్ల కింద పట్టు కోల్పోయిన డెన్మార్క్ మహిళ లిస్ హార్టెల్, గుర్రం ఎక్కడానికీ దిగడానికీ మరొకరి సాయం కావలసిన స్థితిలోనే, 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో గుర్రపు నడకల పోటీ అయిన డ్రెస్సాజ్‌లో రజత పతకం గెలిచిన తరువాత దివ్యాంగులకు స్వారీ నేర్పాలనే ఆలోచనకు బలం చేకూరింది. బ్రిటన్‌లో దివ్యాంగుల స్వారీ సంఘం 1969లో ఏర్పడింది. అయితే వెన్నెముక, తుంటి సమస్యలున్న వారిలో కొందరికి స్వారీ హాని చేస్తుంది గనుక వైద్యుడి అనుమతి లేకుండా ఎవరినీ జీను మీద కూర్చోబెట్టరాదు.

కట్టడం విషయానికి వస్తే, మట్టిమిద్దెను కూల్చి రేకులు వేయడం తేలికగా తోచే తప్పు. దూలాల మీద దంతెలు పరచి, వాటిపై కట్టెలు, ఆకూ అలమూ, చివర చౌడు మన్ను వేసిన కప్పు ఎండను లోపలికి రానివ్వదు. సోడియం లవణాలున్న ఆ మన్ను తడిసినప్పుడు సాగి రంధ్రాలను మూసివేస్తుంది గనుక, వానలు తక్కువైన ఈ సీమలో ఏటా తొలకరికి ముందు కొత్త చౌడు పోస్తే చాలు. చెదలు తిన్న దూలాలను మార్చి, గవాక్షిని, అంటే మిద్దెలో వెలుతురుకూ గాలికీ విడిచిన రంధ్రాన్ని, తెరిచి ఉంచాలి. గుర్రాల మూత్రం నుంచి లేచే అమ్మోనియా ఘాటు పోవడానికి అదే దారి. మట్టి అడుసుతో పేర్చిన గోడకు సిమెంటు పూస్తే చెమ్మ లోపలే చిక్కుకుంటుంది, సున్నం పూస్తే ఆరిపోతుంది.

నేల మాత్రం మారక తప్పదు. ఈ ప్రాంతంలో చవకగా దొరికే బేతంచెర్ల నాపరాయి ఇంటికి అందమే గానీ, తడిసిన నున్నని రాతి మీద నాడా కొట్టిన గిట్ట ఇట్టే జారుతుంది. ఉలితో గంట్లు కొట్టిన గరుకు రాయి వేసి, కాలువ వైపు వాలు ఇచ్చి, గుర్రం నిలబడే చోట రబ్బరు పరుపు వేయడం క్షేమం.

అసలు చిక్కు ఎత్తులో ఉంది. మెడ మొదలు దగ్గర సుమారు 5 అడుగులుండే గుర్రం మీద మనిషి కూర్చుంటే తల 8 అడుగులకు చేరుతుంది గనుక, మట్టిమిద్దె గుమ్మంలోంచి రౌతు గుర్రం మీద రావడం కుదరదు. ఎక్కడమూ దిగడమూ దొడ్డిలోనే జరగాలి. అక్కడ 3 అడుగుల ఎత్తున ఒక అరుగు కట్టి, చక్రాల కుర్చీ దానిపైకి వెళ్లే ర్యాంపును 12 అడుగుల పొడవుకు 1 అడుగు ఎత్తు చొప్పున లేపితే, ర్యాంపుకే 36 అడుగులు కావాలి. మధ్యలో ఆగే చదును ఉంటే ఇంకా ఎక్కువ. దొడ్డిలో అంత చోటు లేదని వాలు నిట్రంగా పెట్టే మేస్త్రీలు తాము కట్టిన ర్యాంపును ఒక్కసారి కుర్చీలో కూర్చుని ఎక్కి చూస్తే బాగుంటుంది. అరుగుకు ఎదురుగా, గుర్రం పట్టేంత సందు విడిచి, సాయపడే మనిషి నిలబడడానికి రెండో దిమ్మె కూడా అవసరం. నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు బీటలువారే నేల గనుక, ఈ కొత్త కట్టుబడిని పాత గోడకు అతికించకుండా మధ్యలో సందు వదలకపోతే రెండో వేసవికే పగులు కనిపిస్తుంది.

వారసత్వంగా వచ్చిన లాయమో, పశువులను కట్టే గాటిపాటో ఉన్నవారు దానిని ఇలాంటి పనికి ఇవ్వదలచుకుంటే, ఇంజనీరు గీత గీయకముందే సున్నపు పని తెలిసిన ఒక మేస్త్రీని, చక్రాల కుర్చీలో తిరిగే ఒక మనిషిని కలిపి అక్కడికి తీసుకువెళ్లి, వారిద్దరి మాట విన్న తరువాతనే పని మొదలుపెట్టాలి.