మార్కుల పట్టికలో మన గడి ఏదీ?

విశాఖ ద్వారకా నగర్‌లో కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద ర్యాంకర్ల ఫొటోలు లెక్కలేనన్ని. మూడో తరగతికే వెనకబడ్డ ముస్లిం పిల్ల మాత్రం ఏ లెక్కలోనూ లేదు.

2021 నవంబర్ 12న నేషనల్ అచీవ్‌మెంట్ సర్వే 3, 5, 8, 10 తరగతుల్లో సుమారు 34 లక్షల మందికి పరీక్ష పెట్టింది. ఫలితాల్ని ఆడ-మగ, పల్లె-పట్నం, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, జనరల్‌గా విడదీసింది. మన గడి ఏదీ? బీసీ-ఇ షేక్ బిడ్డ, బీసీ-బి దూదేకుల బిడ్డ ఓబీసీలో కలిసిపోయారు. సయ్యద్, పఠాన్ బిడ్డలు జనరల్‌లో.

మతాలవారీ లెక్కలు కావాలని సచార్ కమిటీ 2006లోనే చెప్పింది. మార్కులకు మతమేమిటంటారు లౌకిక మిత్రులు. కులానికి గడి గీసినప్పుడు అడగని ప్రశ్న మన దగ్గరే ఎందుకు? బిడ్డ ఎక్కడ ఆగిపోయిందో తెలియకుండా చెయ్యందించేదెవరు? లెక్క లేనప్పుడు, 'మీవాళ్ళకు చదువు మీద శ్రద్ధ లేదు' అనే నింద మాత్రం సులువు. ముందు లెక్క చూపండి, తర్వాత మాట్లాడదాం.