వ్రేలి కొలతతో పంచిన నేల

తూర్పు ఇండొనేసియాకు చెందిన ఫ్లోరెస్ ద్వీపపు పశ్చిమభాగమున, మంగరై సీమలో, ఆబాలగోపాలమునకు తెలిసిన సామెత యొకటి కలదు: ‘భేరి లోపల, చేను వెలుపల’. వినుటకిది చిన్నమాటయే, కాని ఆ జాతివారి ఆస్తిధర్మమంతయు ఈ నాలుగు పదములలో ఇమిడియున్నది. భేరి యనగా ప్రధానగృహమున వ్రేలాడు వాద్యము మాత్రమే కాదు. అది యున్న యిల్లు, ఆ యింటి వంశము, ఆ వంశపు పెద్దరికము. భేరిలేని యూరికి చేను లేదు, చేను లేని యూరికి భేరి యుండదు. ఇంటిని, పొలమును, వంశమును వేరువేరుగా నెంచి, దేనికది అమ్ముకొనవచ్చునని తలచుటకు అలవాటుపడిన మనము, ఆ మూడింటిని ఒకే కేంద్రమున ముడివేసిన ఈ పద్ధతిని తీరికగా విచారింపవలసియున్నది.

ఈ సీమలో వాయె రెబొ అను పల్లె, సముద్రమట్టమునకు సుమారు 1,100 మీటర్ల యెత్తున, నలువైపుల అడవికొండలు కమ్ముకొనిన చిన్న బయలున, మంచుతెరల చాటున నున్నది. అక్కడికి బండిత్రోవ లేదు. దెంగె యను పల్లె దాక వచ్చినవారు అటుపై దాదాపు మూడు గంటలు కాలిబాటను ఎక్కవలెను. ఆ బాటనే కాఫీగింజల బస్తాలు మనుష్యుల మోపులై క్రిందికి దిగును, ఉప్పును బియ్యమును పైకెక్కును. బడియీడు పిల్లలు తల్లిదండ్రులను విడిచి దిగువనున్న కొంబొ గ్రామమున ఉండి చదువుకొందురు. పల్లె నడుమ ‘చొంపాంగ్’ అను గుండ్రని రాతితిన్నె. దాని నర్ధచంద్రాకృతిగా చుట్టి, శంఖువుల వలె నిలిచిన ఏడు ఇండ్లు. ఊరంతయు నింతే.

ఆ యింటిని ‘మ్బారు నియాంగ్’ అందురు. మన కోస్తా పల్లెలలో గాలివానకు జంకక నిలుచు చుట్టిల్లును చూచినవారికి దీని ఆకృతి కొంత ఊహకందును. కాని మన చుట్టింటికి గోడ యున్నది, దీనికి లేదు. దాదాపు పదునైదు మీటర్ల యెత్తున నున్న శిఖరము నుండి నేలవరకు జారిన కప్పే గోడ. వలయములు క్రిందినుండి పైకి క్రమముగా చిన్నవగుచుండ, వానిపై వాసములను నిలిపి, ప్రతి కూడలిని పేముబద్దతో బిగించి, ఆపై పొడవైన కొండగడ్డిని, తాళజాతి చెట్టుయొక్క నల్లని పీచును దట్టముగా కప్పుదురు. ఇంత యింటికి మేకు ఒక్కటియు తగులదు. ఆ కట్టును దగ్గరనుండి చూడవలెను: పేముబద్ద వాసమును వలయమును కలిపి ఏటవాలుగా చుట్టుకొని, ఎదురుదిక్కుగా మరల చుట్టుకొని, కొన ఆ చుట్ల క్రిందికే దూరి మాయమగును. మేకు దిగ్గొట్టిన కూడలి పెనుగాలికి చీలును. ఈ కట్టు గాలికి కొంత ఒదిగి, మరల తన చోటికి వచ్చును. 1992లో పెనుభూకంపమునకు గురియైన ద్వీపమున ఈ ఒదుగుబాటు అలంకారము కాదు, ప్రాణరక్షణము.

ఇంటికి ఐదంతస్తులు. క్రిందిది మనుష్యులది; ప్రధానగృహమున ఎనిమిది కుటుంబములు, తక్కినవానిలో ఆరేసి, అరలు కట్టుకొని కాపురముండ, పొయ్యి మాత్రము నడుమ నుండును. దానిపైని అటక తిండికిని సామగ్రికిని, మూడవ యంతస్తు విత్తనములకు, నాల్గవది కరవుకాలపు నిలువకు, శిఖరము క్రింది ఐదవది పితరుల నైవేద్యమునకు. పొయ్యిపొగ వీనినన్నిటిని దూరి, గింజను పురుగునుండియు, కప్పును కుళ్లునుండియు కాచుచు పైకెక్కిపోవును. దినదినము తినెడి గింజకంటె విత్తనమును ఎత్తున, విత్తనముకంటె కరవుగింజను మరింత యెత్తున నుంచిన వివేకమును పాఠకులు గమనింతురుగాక. ఆకలిగొన్న చేయి ఎక్కవలసిన మెట్లను ఆ పూర్వులు ఒక్కొక్కటిగా పెంచినారు.

ఇక చేను. రూటెంగ్ పట్టణమునకు పడమటనున్న చాంచార్ వద్ద మిట్టయెక్కి చూచిన, వరిమళ్లు సాలెగూళ్ల వలె పరచుకొని కనబడును. చూడవచ్చినవారు ఛాయాచిత్రములు తీసికొని మరలిపోవుదురు గాని, ఆ గూటి మహిమ అందమున లేదు, పంపకమున నున్నది. పూర్వము పోడుచేను తెరచునపుడు మొదట నిర్ణయించునది పొలిమేర కాదు, కేంద్రము. దానిని ‘లొదొక్’ అందురు. అక్కడ ‘తెనొ’ యను చెట్టుకొయ్యను పాతి, బలియిచ్చి, పితరులకు విన్నవించుకొందురు. భూమి పంచు పెద్దకు ‘తుఆ తెనొ’ యను పేరు ఆ కొయ్యవలననే వచ్చినది. కొయ్యచుట్టును చిన్న వలయము గీచి, తుఆ తెనొ దానిపై వ్రేళ్లను ఆనించును. ‘మొసొ’ యను ఈ కొలతలో కుటుంబముయొక్క అంతస్తును అవసరమును బట్టి వ్రేళ్ల లెక్క మారును. వ్రేలి ఈ యంచునుండి యొక గీటు, ఆ యంచునుండి యొక గీటు, పొలిమేరయైన ‘చిచింగ్’ దాక తిన్నగా సాగును. కేంద్రమున అంగుళమైనను లేని యెడము అక్కడికి చేరుసరికి బారలకొలది వెడల్పుగల చేనగును. ఇక్కడ వ్రేలు గోరంత జరిగిన, అక్కడ ఒక సంసారపు గ్రాసము జరుగును. కావుననే ఆ కొలత ఒకరి యింట గుట్టుగా జరుగక, కొయ్యచుట్టు నిలిచిన వారందరి కన్నుల యెదుట జరుగవలెను.

నా మనసునకు అన్నిటికంటె గొప్పగా తోచినది మరియొకటి. చదరపు కయ్యలుగా కోసిన పొలమున ఒకనికి ఏటి యొడ్డు, ఇంకొకనికి చివరి చవుడు దక్కవచ్చును. ఈ చక్రమున ప్రతివాని భాగమును కేంద్రమునుండియే మొదలై అంచును ముట్టును. తన చేని మొనకు పోయిన రైతు తక్కిన వారందరి మొనలను అక్కడనే చూచును. భేరియింటిలో వెల్లకిల పరుండి కప్పును చూచిన, నలుదెసల వాసములు ఒక్క బిందువునకు చేరు చిత్రము అచ్చముగా ఆ పొలముదే.

అయినను ఈ ధర్మము అందరికి సమముగా ధర్మమని చెప్పజాలను. మగబిడ్డను ‘లోపలి మనిషి’ యనియు, ఆడుబిడ్డను ‘వెలుపలి మనిషి’ యనియు వ్యవహరింతురు. వంశపు నేల లోపలివానికే. కూతురు పెండ్లియై మరియొక భేరిక్రిందికి పోవును. ఆమెకై వరుని వంశమువారు ఓలి చెల్లింతురు, ఆ రెండు వంశముల నడుమ ఇచ్చిపుచ్చుకొనుట తరతరములు సాగును. ఆ రాకపోకలు ఆమెకు గౌరవమును తెచ్చునేమో గాని, వ్రేలెడు నేలను మాత్రము తేవు. ఈ లోటు మన యూళ్లకు క్రొత్తది కాదు గనుక, చూచి చూడనట్లు పోవుటకు మనసొప్పలేదు.

ఈ నేలకు రాజశాసనముతో చిక్కులు పెక్కు వచ్చినవి. 1960 నాటి ఇండొనేసియా భూమిచట్టము సంఘముల ఆచారసిద్ధమైన హక్కును ఒప్పుకొన్నది. కాని జాతిప్రయోజనమునకు అది లోబడవలెనన్నది. అడవి యెవరిదను ప్రశ్న మంగరైలో నెత్తురు చిందించినది. అడవిభూమి యని అధికారులు కాఫీతోటలను నరికింపగా రైతులు ఆందోళన చేసిరి. 2004 మార్చిలో రూటెంగ్‌లో పోలీసు కాల్పులకు పలువురు ప్రాణములు కోల్పోయిరి. ఆచారపు అడవులు రాజ్యపు అడవులు కావని ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానము 2013లో తీర్పు చెప్పినది.

వాయె రెబొలో మాత్రము ముప్పు మరియొక దారిన వచ్చినది. 2008 నాటికి ఏడిండ్లలో నాలుగే మిగిలినవి. ఆ యేట జకార్తానుండి యోరి అంతర్ అను వాస్తుశిల్పి మిత్రులతో బాటయెక్కి వచ్చి చూచి, పోయిన యిండ్లను మరల నిలుపుటకు పూనుకొనెను. కట్టినవారు మాత్రము ఊరివారే. వారికి పెద్దల జ్ఞాపకమే పటము. ఏడిండ్లును లేచినవి, 2012లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారములలో అత్యున్నతమైనది ఆ పనికి లభించినది. ఇప్పుడు ఏటేట నవంబరులో, ‘పెంతి’ యను సంవత్సరాదినాడు, భేరులను మ్రోగింతురు. దిగువ యూళ్లకు వలసపోయినవారు ఆ మూడు గంటల బాటను మరల ఎక్కి వత్తురు.