సెట్‌టాప్ బాక్సు కాగితం చెప్పని సంగతి

కేబుల్ సెట్‌టాప్ బాక్సుతో వచ్చే సూచనల కాగితాన్ని మీరెప్పుడైనా చదివారా? పసుపు తీగను పసుపు రంధ్రంలో, ధ్వని కోసం ఎరుపు, తెలుపు తీగలను వాటి రంగు రంధ్రాల్లో పెట్టమంటుంది. లేదా హెచ్‌డిఎంఐ తీగ వాడుకోమంటుంది. ఆ 'లేదా' దగ్గరే చిక్కు. రెండూ సమానమని పాఠకుడు అనుకుంటాడు.

కావు. పసుపు తీగలో బొమ్మ వెలుగు, రంగు ఒకే సంకేతంగా కలిసి ప్రయాణిస్తాయి. టీవీ వాటిని మళ్లీ విడదీయాలి, పూర్తిగా విడదీయలేదు. వార్తలు చదివేవారి సన్నచారల చొక్కా మీద లేని ఇంద్రధనుస్సులు మెరిసేది అందుకే. పైగా ఆ తీగలో పట్టేది 576 గీతల బొమ్మే. 1080 గీతల హెచ్‌డి చానెల్ బాక్సు దాకా భద్రంగా వచ్చి, చివరి మీటరు దూరంలో చిక్కిపోతుంది! హెచ్‌డిఎంఐలో అయితే అంకెల రూపంలోనే టీవీని చేరుతుంది.

మన దేశంలో 2012 నుంచి డిజిటల్ కేబుల్‌ను దశలవారీగా తప్పనిసరి చేశారు. బాక్సు తప్పనిసరి అయినప్పుడు, ఈ నాలుగు ముక్కలు తెలుగులో అచ్చువేయడం అంత కష్టమా?

హెచ్‌డి ప్యాకేజీకి డబ్బు కడుతున్నవారు ఓసారి టీవీ వెనక్కి తొంగి చూడండి. పసుపు తీగే కనిపిస్తే హెచ్‌డిఎంఐ తీగ తెచ్చి పెట్టండి. ఆ తర్వాత రిమోట్‌తో సోర్సు మార్చాలి. లేకుంటే తెర నల్లగానే ఉంటుంది.