తాళం ఎవరి కోసం? – ‘హెల్ప్’ సినిమా గురించి

వృద్ధాశ్రమం అనగానే మన కథల్లో, సినిమాల్లో ఎక్కువగా వినిపించేది ఒకటే ప్రశ్న: కన్నవాళ్ళని అక్కడ వదిలేసిన పిల్లలు ఎంత దుర్మార్గులు? 2021లో బ్రిటన్‌లో ఛానల్ 4 ప్రసారం చేసిన ‘హెల్ప్’ ఆ ప్రశ్న జోలికే పోదు. కరోనా వచ్చినప్పుడు లోపల ఉన్నవాళ్ళకి ఏం జరిగింది, వాళ్ళని చూసుకునేవాళ్ళ మీద ఎంత భారం పడింది అన్నదే దీని కథ. జాక్ థోర్న్ రాశాడు, మార్క్ మండెన్ తీశాడు.

లివర్‌పూల్‌లో ఒక కేర్ హోమ్. సారా (జోడీ కోమర్) అక్కడ కొత్తగా పనిలో చేరుతుంది. టోనీ (స్టీఫెన్ గ్రాహమ్)కి 47 ఏళ్ళకే అల్జీమర్స్. ఇద్దరికీ స్నేహం కుదురుతుంది. అంతలో 2020 మార్చి వస్తుంది.

ఒక రాత్రి డ్యూటీలో సారా ఒక్కతే. ఒకాయనకి ఊపిరి అందడం లేదు. ఎన్నిసార్లు ఫోన్ చేసినా అంబులెన్స్ రాదు. చివరికి టోనీనే నిద్రలేపి సాయం అడుగుతుంది. దాదాపు పాతిక నిమిషాలు సాగే ఈ ఘట్టంలో కెమెరా ఆమెని వదలదు, మనల్నీ వదలదు. ఈ ఒక్క రాత్రి కోసమైనా సినిమా చూడాలి.

ఆ రాత్రి వెనక ఒక విధానం ఉంది. ఆసుపత్రుల్లో మంచాలు ఖాళీ చెయ్యాలని మార్చి 17 నుంచి ఏప్రిల్ 15 దాకా ఇంగ్లండ్‌లో సుమారు 25,000 మందిని కేర్ హోమ్‌లకి పంపారు. పంపేముందు అందరికీ పరీక్ష చెయ్యాలన్న నిర్ణయం ఏప్రిల్ మధ్యలో గానీ రాలేదు. కొడుకులకీ కూతుళ్ళకీ మూసిన తలుపే వీళ్ళకి తెరుచుకుంది. లక్షణాలు లేనివాళ్ళ నుంచి కూడా జబ్బు సోకే ప్రమాదాన్ని లెక్కలోకి తీసుకోలేదు కాబట్టి ఆ విధానం చట్టవిరుద్ధమని హైకోర్టు తీర్పిచ్చింది, సినిమా వచ్చిన ఏడు నెలలకి, 2022 ఏప్రిల్‌లో.

నా పేచీ అంతా రెండో సగంతోనే. టోనీ తిరగకుండా ఉండేందుకు హోమ్‌లో మత్తుమందు ఇస్తారు. అది తట్టుకోలేక సారా అతన్ని అక్కడినుంచి తీసుకుపోతుంది. ఇక్కణ్ణుంచి సినిమా పూర్తిగా సారా పక్షం.

ఐసొలేషన్ మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి అలవాటైన మాటే. పాడైన సర్వర్‌ని మిగతావాటి నుంచి విడదీస్తాం, దాన్ని అడిగేదేం ఉండదు. మనిషికి మాత్రం ఎందుకో చెప్పాలి. చెప్పిన పది నిమిషాలకే మర్చిపోయే మనిషికి ఎలా చెప్తాం? అతను తిరిగితే పక్కగదిలో వాళ్ళ ప్రాణం మీదికి రావచ్చు. మందిచ్చి పడుకోబెడితే అతని బతుకు బతుకే కాదు. అసలు చిక్కు ఇదీ. సినిమా దీన్ని మన ముందు పెట్టి, తీరా తేల్చాల్సిన చోట కారెక్కి వెళ్ళిపోతుంది. మిగిలిన వృద్ధులు తెరమీంచి మాయమైపోతారు. హోమ్ వాళ్ళ వాదన ఓపిగ్గా వినేవాళ్ళే లేరు. చివర్లో సారా నేరుగా మనవైపు చూస్తూ నిలదీస్తుంది గానీ, ఆ పని ఆ రాత్రే అయిపోయింది.

మొదట్లో సారా, టోనీ కబుర్లు చెప్పుకునే సన్నివేశాలు చాలా బావుంటాయి. అప్పటికి టోనీకి చాలావరకు తెలివిడి ఉంది. “ఎప్పుడైనా నిన్ను గదిలో పెట్టాల్సొస్తే ఏం చెయ్యమంటావ్?” అని ఆ కబుర్లలో ఎవరైనా అడిగి ఉంటే, రెండో సగంలో సారాకీ హోమ్‌కీ మధ్య టోనీ మాట కూడా ఒకటి ఉండేది.