ఖాకీ ప్యాంటు జేబులో ఏముంది?

సైనికుల కోసం కుట్టిన ప్యాంటు ఇప్పుడు ఆడవాళ్ల బట్టల దుకాణాల్లో వేలాడుతోంది. నడుము దగ్గర కుచ్చులు, తొడల దగ్గర వదులు, మడమల దాకా తిన్నగా దిగే కాళ్లు, మట్టిరంగు నూలు గుడ్డ. చీనో అంటారు దాన్ని. నిజంగా పాతదైనా, పాతదానిలా కనిపించేటట్టు కొత్తగా కుట్టిందైనా దానికి గిరాకీ ఉంది. బిగుతు జీన్సుతోనూ, చర్మానికి అతుక్కునే లెగ్గింగులతోనూ విసిగిపోయిన ఆడవాళ్లు ఈ వదులు వైపు చూడడంలో ఆశ్చర్యం లేదు. హైదరాబాదులో చదువుకుని మెదక్ లాంటి పట్టణానికి తిరిగొచ్చిన అమ్మాయిలతో పాటు ఆ ప్యాంటూ వస్తోంది.

ఆడవాళ్లు ప్యాంటు వేసుకోవచ్చా అన్న ప్రశ్నకు ఇంకా జవాబు చెబుతూ కూర్చోనక్కర్లేదు. నన్ను పట్టుకున్న ప్రశ్న వేరు. ప్రతి బట్టకీ ఒక గతం ఉంటుంది. ఖాకీకి ఉన్న గతం మరీ బరువైంది. దాన్ని ఎంచుకునే ఆడమనిషి అందులోంచి ఏం తీసుకుంటోంది, ఏం వదిలేస్తోంది?

ఖాక్ అంటే పారశీకంలోనూ ఉర్దూలోనూ దుమ్ము, మన్ను. 1846లో పెషావర్‌లో హ్యారీ లమ్స్‌డెన్ ఏర్పాటు చేసిన గైడ్స్ దళం కొద్దికాలానికే మట్టిరంగు బట్టలు తొడుక్కుంది. శత్రువు కంటికి ఆనకుండా నేలలో కలిసిపోవడం దాని ఉద్దేశం. 1857 తిరుగుబాటును అణిచే రోజుల్లో ఆ రంగు మరింత పాకింది. క్రమంగా సామ్రాజ్యపు సైన్యమంతా ఖాకీమయమైంది. మన పోలీసు ఒంటి మీదికీ అదే వచ్చి చేరింది. 1898లో స్పెయిన్‌తో యుద్ధానికి దిగిన అమెరికా సైన్యం కూడా ఖాకీకి మారింది. ఫిలిప్పీన్స్‌లో వాళ్లు వాడిన గుడ్డ చైనాది కాబట్టి చీనో అన్న పేరొచ్చిందని చాలామంది చెప్పే మాట. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1944 నాటి చట్టం పుణ్యమా అని ప్రభుత్వ ఖర్చుతో చదువుకోవడానికి వెళ్లిన మాజీ సైనికులు ఆ ప్యాంట్లతోనే కాలేజీల్లో అడుగుపెట్టారు. యుద్ధపు బట్ట అలా తీరిక బట్ట అయింది.

ఈ ప్రయాణంలో ఆడది ఎక్కడుంది? 1942లో అమెరికా సైన్యం మహిళలకు ఒక దళాన్ని ఏర్పాటు చేసినప్పుడు వాళ్ల యూనిఫాంగా ప్రధానంగా ఇచ్చింది స్కర్టే. పారిస్‌లో ఆడది ప్యాంటు వేసుకోవాలంటే పోలీసుల అనుమతి ఉండాలన్న 1800 నాటి ఉత్తర్వు ఇక చెల్లదని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది 2013లో. ఎవరూ అమలు చేయకపోయినా రెండు వందల ఏళ్లకు పైగా అది కాగితం మీద బతికే ఉంది.

మన దగ్గర ఖాకీ కథ ఇంకా చేదు. తెలుగు స్త్రీల జ్ఞాపకంలో ఖాకీ రంగు పేరు కాదు, భయం పేరు. 1978 మార్చిలో భర్తతో సినిమా చూసి తిరిగొస్తున్న రమీజాబీని హైదరాబాద్ నల్లకుంట పోలీసుస్టేషన్‌కు తీసుకెళ్లారు. అక్కడ ఆమె మీద అత్యాచారం జరిగింది. రిక్షా తొక్కి బతికే భర్త అహ్మద్ హుస్సేన్ పోలీసు దెబ్బలకు చనిపోయాడు. నగరం భగ్గుమంది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుబట్టింది. కేసు రాయచూరు కోర్టుకు బదిలీ అయ్యాక నిందితులు నిర్దోషులుగా బయటికొచ్చారు. 2007 ఆగస్టులో విశాఖ ఏజెన్సీలోని వాకపల్లిలో గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని 11 మంది ఆదివాసీ స్త్రీలు చెప్పారు. 2023లో కోర్టు దర్యాప్తులోని లోపాలను ఎత్తిచూపుతూనే నిందితులను విడిచిపెట్టింది, ఆ స్త్రీలకు పరిహారం ఇమ్మంది. ఈ రెండు పేర్ల మధ్య ఇరవై తొమ్మిదేళ్లు. తెలుగునాట స్త్రీల ఉద్యమం మాట్లాడడం నేర్చుకున్నది ఖాకీకి ఎదురు నిలబడే.

అదే ఖాకీని ఆడదాని ఒంటి మీద వేసి జనం చేత చప్పట్లు కొట్టించిన సినిమా ‘కర్తవ్యం’. 1990లో ఎ.మోహనగాంధీ దర్శకత్వంలో వచ్చింది. పోలీసు అధికారి వైజయంతి పాత్రకు విజయశాంతి జాతీయ ఉత్తమ నటి అవార్డు అందుకుంది. ఏడ్చే తల్లి, ఎగిరే ప్రియురాలు తప్ప మరో వేషం దొరకని కాలంలో ఒక ఆడమనిషి ప్యాంటూ బూట్లూ వేసుకుని పెద్దమనిషి కొడుకుని నిలదీయడం చిన్న విషయం కాదు. ఆ సినిమా చూసి పోలీసు కావాలనుకున్న ఆడపిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉండే ఉంటారు. దాని విలువను తక్కువ చేయను. కానీ ఆ ప్యాంటు ఆమెకు ఇచ్చిందేమిటి? నడుము బిగించిన బెల్టు, భుజం మీది నక్షత్రాలు, చేతిలో లాఠీ. అంతకు ముందు మగ హీరోకి ఉన్న ఒంటరి పరాక్రమం ఆమెకు బదిలీ అయింది, అంతే. అభిమానులు ఆమెను ‘లేడీ అమితాబ్’ అన్నారు. పొగడ్తలో కూడా కొలబద్ద మగవాడే. స్టేషనూ అదే, లాకప్పూ అదే. వైజయంతి యూనిఫాంలో ఉన్నంతకాలమే వైజయంతి. ఆ స్టేషన్ ముందు నుంచి నడిచి పోవలసిన మామూలు ఆడమనిషికి ఆ ఖాకీలో చోటు లేదు.

ఆ విజయశాంతినే 2009లో మెదక్ తన ఎంపీగా పార్లమెంటుకు పంపింది. అంతకు ముందు 1980లో మెదక్, రాయబరేలీ రెండు చోట్లా గెలిచిన ఇందిరాగాంధీ మెదక్ సీటునే ఉంచుకుంది, 1984లో హత్యకు గురయ్యేదాకా ఇక్కడి సభ్యురాలిగానే ఉంది. ఇద్దరు బలమైన స్త్రీలకు ఓటేసిన నియోజకవర్గం మాది. ఇద్దరూ ఓటు అడిగింది చీరలోనే. ఖాకీ ప్యాంటుతో పేరు తెచ్చుకున్న నటి కూడా జనం మధ్యకు వచ్చేసరికి తల మీదికి కొంగు లాక్కోగల ‘రాములమ్మ’ కావలసి వచ్చింది. తెర మీది ఆడదాని ప్యాంటును ఈల వేసి మెచ్చుకునే ఊరు, రాందాస్ చౌరస్తాలో నడిచే ఆడదాని ప్యాంటును తలతిప్పి చూస్తుంది. కథానాయికకు ఇచ్చిన మినహాయింపు మిగతావాళ్లకు హక్కుగా మారదు.

అయితే ప్యాంటు గురించి మన సాహిత్యం ఏమంది? స్త్రీవాద కవిత్వం బట్ట గురించి మాట్లాడినప్పుడు దాని చూపు ఎక్కువగా పైట మీదే నిలిచింది. జయప్రభ ‘పైటను తగలెయ్యాలి’ రాసినప్పుడు, సిగ్గును ఆడదాని శరీరానికి కట్టే సాధనంగా పైటను గుర్తుపట్టింది. దానికి జూపాక సుభద్ర కవిత ‘కొంగు’ చెప్పిన మారుమాట నాకు అంతకన్నా ముఖ్యం. శ్రమ చేసే దళిత స్త్రీకి కొంగు రొమ్ము మీది కాపలా కాదనీ, పనిలో తోడుండే వస్తువనీ ఆమె చూపించింది. ఈ వాదంలోంచి చూస్తేనే ప్యాంటు కూడా నాకు సరిగ్గా అర్థమైంది. అసలు ప్రశ్న జేబు.

ఆలోచించండి. కూలికి వెళ్లే స్త్రీకి కొంగుముడి ఉంది. అందులో పైసలుంటాయి. రొంటిన ఆకువక్కల సంచి ఉంది. గోచీ పోసి కట్టిన చీర కాళ్లను విడదీసి బురదలో అడుగు వేయనిస్తుంది. రెండు కాళ్లకు రెండు దారులు పడమటి నుంచి దిగుమతి అయిన ఊహ కాదు. నాట్లలోనూ, ఉపాధిహామీ పనిలోనూ చీర మీద భర్తదో కొడుకుదో పాత చొక్కా తొడుక్కున్న స్త్రీలను తెలంగాణ పల్లెల్లో ఎటు చూసినా చూస్తాం. ఎండ తగలదు, గడ్డి కోసుకోదు, పై జేబులో బీడీకట్టో ఫోనో పడుతుంది. మగవాడి పాత బట్టను ఆడది తన పనికి మలుచుకోవడం ఇక్కడ ఎప్పుడో జరిగింది. దానికెవరూ వింటేజ్ అని పేరు పెట్టలేదు. పాత బట్ట ఒకరికి గతిలేక దక్కుతుంది, మరొకరికి డబ్బు పెడితే దక్కుతుంది. ఆ తేడాను మరిచిపోయి ఫ్యాషన్ గురించి మాట్లాడడం అన్యాయం.

అన్నీ పోగొట్టుకున్నది మధ్యతరగతి స్త్రీ. చీర నుంచి పంజాబీ డ్రస్సుకు మారినప్పుడు కొంగుముడి పోయింది, జేబు రాలేదు. డబ్బు, తాళం, ఫోను అన్నీ చేతిసంచిలోకి వెళ్లాయి. రెండు చేతులూ ఊపుకుంటూ నడిచే భాగ్యం మగవాడికే మిగిలింది. ఆడవాళ్ల కోసమని కుట్టే ప్యాంట్లలో జేబు పేరుకే ఉంటుంది. వేళ్లు దూరితే మణికట్టు ఆగిపోతుంది. కొన్నిటికి జేబు గీత ఉండి లోపల సంచే ఉండదు. జేబు అంటే సొంత డబ్బు, సొంత తాళంచెవి. దాన్ని కుట్టడం మరిచిపోవడం దర్జీ పరాకు అని నేను నమ్మను.

కాబట్టి ఆ పాత సైనిక ప్యాంటు ఎంచుకునేటప్పుడు అద్దం ముందు నిలబడే లోపల చేయవలసిన పని ఒకటుంది. జేబులో చెయ్యి పెట్టి చూడాలి. మణికట్టు దాకా దిగాలి. తర్వాత కూర్చుని చూడాలి, నేల మీద, బాసింపట్టు వేసి. మగవాళ్ల ప్యాంటు నడుము కొలతతో తీసుకుంటే మన తుంటి దగ్గర పట్టేస్తుంది. సీటు సరిపోయేది తీసుకుని నడుము తగ్గించుకోవడం మేలు. పాతకాలపు పద్ధతిలో కుట్టిన ప్యాంట్లకు వెనక నడుము మధ్య అతుకు ఉంటుంది, లోపల కాస్త మార్జిన్ గుడ్డ మిగిల్చి ఉంటారు. అక్కడ విప్పి కుడితే పని అయిపోతుంది. సాగే దారం కలవని మందపాటి నూలు గుడ్డ చూసుకోవాలి. కొత్త గుడ్డ అయితే తడిపి ఆరేశాకే పొడవు కొలవాలి, లేకపోతే ముడుచుకుంటుంది. నడుము బొడ్డు దగ్గర నిలవాలి. అప్పుడు వంగినా లేచినా చొక్కా లాక్కుంటూ ఉండనక్కర్లేదు.

ఇంత చూసుకున్నా ఆ ప్యాంటు మనల్ని ఊహించి కుట్టింది కాదన్నది రెండు చోట్ల బయటపడుతుంది. మొదటిది రంగు. దుమ్మును దాచడానికి పుట్టిన ఖాకీ నెత్తుటి మరకను దాచలేదు. నెలసరి రాని శరీరాల కోసం కలిపిన రంగు అది. ఆ రోజుల్లో లేత ఖాకీ తీసి పక్కన పెట్టి నల్లదో ముదురు నీలానిదో వెతుక్కునే స్త్రీకి ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. రెండోది మరుగుదొడ్డి. తడినేల మీద, కొక్కెం లేని తలుపు వెనక, వదులు కాళ్లను ఒక చేత్తో పైకి పట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో ప్రభుత్వ కార్యాలయాల్లో, బస్టాండుల్లో పనిపడిన ఆడవాళ్లకు తెలుసు. ఈ విషయంలో చీరే నయమని చెప్పే పెద్దవాళ్ల మాటను ఛాందసమని కొట్టిపారేయలేం. బట్ట ఇచ్చే స్వేచ్ఛకు నీళ్లు, తలుపు, గొళ్లెం కూడా కావాలి.

ఒక ఆక్షేపణ మిగిలింది. వదులు బట్ట ఒంటి వంపులను దాస్తుంది కాబట్టే పెద్దలకు నచ్చుతుంది, ఇది కొత్త రకం ముసుగు కదా అని అడగొచ్చు. అడగవలసిందే. 2019లో హైదరాబాదులో ఒక మహిళా కళాశాల కుర్తీ మోకాళ్ల కిందికి ఉండాలని నియమం పెట్టినప్పుడు విద్యార్థినులు రోడ్డెక్కారు. పిరుదులు కప్పాలన్న ఆ తపనే వదులు ప్యాంటు మీద సంతృప్తిగా తల ఆడించవచ్చు. బిగుతు ప్యాంటును సంస్కారం లేనిదిగా, వదులు ప్యాంటును మర్యాదైనదిగా విడదీసి మాట్లాడితే మనం ఆ ప్రిన్సిపాళ్ల పక్కన నిలబడతాం. నాకు ఆ పని వద్దు. బిగుతు కావాలనుకున్నవాళ్లు బిగుతే వేసుకుంటారు. నేను వదులును కోరేది అడుగు దూరం పడడానికి. చున్నీ ఎదుటివాడి చూపును లెక్కలో పెట్టుకుని వేసుకునేది. జేబు నా చేతిని లెక్కలో పెట్టుకుని కుట్టేది. ఈ రెండింటినీ పూర్తిగా విడదీయలేమని తెలుసు. ఎటు మొగ్గుతున్నామో మాత్రం చూసుకోవచ్చు.

అందుకే ఖాకీ ప్యాంటులో తీసుకోదగ్గది దాని కోత, దాని జేబు. వదిలేయదగ్గది దాని హోదా. ఆ ప్యాంటు వేసుకుంటే ఆడది శక్తిమంతురాలిగా కనిపిస్తుందని ప్రకటనలు చెబుతాయి. ఆ మాట వినగానే నాకు నల్లకుంట స్టేషన్ గుర్తొస్తుంది. ఎవరి శక్తి? ఎవరి మీద? అధికారం వేసుకున్న బట్టను అధికారం కోసం అరువు తెచ్చుకుంటే వైజయంతి దగ్గరే ఆగిపోతాం. పని కోసం, నడక కోసం తెచ్చుకుంటే మగని పాత చొక్కా తొడుక్కుని నాటు వేస్తున్న స్త్రీ వరసలో చేరతాం. నాకు ఆ వరసే గౌరవంగా తోస్తుంది.

చిన్న ఊళ్లలో ఇంకో చిక్కుంది. లేడీస్ టైలర్ ప్యాంటు కుట్టనంటాడు. జెంట్స్ టైలర్ ఆడమనిషి కొలతలు తీసుకోవడానికి జంకుతాడు. జాకెట్టు విషయంలో మనం ఈ ఇబ్బందిని ఎప్పుడో దాటాం. సరిగ్గా కుదిరిన పాత జాకెట్టు ఒకటి ఆదిగా దాచిపెట్టుకుంటాం, దాన్ని చూసి కొత్తది కుడతారు. అమ్మ ఆది జాకెట్టు మీద కూతురిది, అక్కది మీద చెల్లెలిది. మన ఇళ్లలో ఆది ప్యాంటు లేదు. జుమ్మేరాత్ బజారులో వెతికి తెచ్చిందైనా, అన్న వదిలేసిందైనా, జేబు లోతుగా ఉండి, కూర్చుంటే పట్టకుండా, నడిస్తే అడ్డు రాకుండా కుదిరిన ప్యాంటు ఒకటి దొరికితే దాన్ని పారేయకండి. రేపు మరొక అమ్మాయి దాన్ని పట్టుకెళ్లి దర్జీ ముందు పెడుతుంది.