నిమ్మజాతి ఫలాల రుచులు : తెలుగు నిఘంటు నిర్వచనాల పరిమితి

నిమ్మ, నారింజ, దబ్బ, మాదీఫలం, పంపరపనస, బత్తాయి, కమలా - నిమ్మజాతి ఫలాలకు తెలుగులో పేర్ల కొరత లేదు. అయితే ఒకదాని పులుపు మరొకదాని పులుపు కంటె ఏ విధంగా భిన్నమో నిఘంటువుల ద్వారా తెలుసుకోవడం కష్టం. సంప్రదాయ నిఘంటువులలో చెట్లు, పండ్లు తరచుగా ‘వృక్షవిశేషము’, ‘ఫలవిశేషము’ అన్న నిర్వచనంతోనే ముగుస్తాయి. ఈ లోపానికి కారణం నిఘంటుకర్తల అశ్రద్ధ కాదు. రుచిని నామపదాల కింద వెదకడమే అసలు కారణం.

ఈ ఫలాల పేర్లలో కొన్ని రుచికి బదులు అవి వచ్చిన దారిని తెలుపుతాయి. అనంతపురం రైతు ‘చీనీ’ అనే పండును నల్లగొండ రైతు ‘బత్తాయి’ అంటాడు. మొదటి పేరు చీనా దేశాన్ని, రెండవది డచ్చివారు 1619లో నెలకొల్పిన బటావియా నగరాన్ని సూచిస్తాయని సాధారణంగా చెప్పే వ్యుత్పత్తి. పంపరపనసకు మూలం డచ్చి ‘పంపెల్‌మూస్’. అపరిచిత శబ్దం చివర పరిచితమైన ‘పనస’ చేరింది గాని, ఆ పండుకు పనస రుచితో సంబంధం లేదు.

వ్యవహారంలోని ఉపమానాలు, జాతీయాలు కూడా రుచిని వదిలివేశాయి. ‘దబ్బపండు లాంటి మేనిచాయ’ రంగును చెబుతుంది. మీసాల మీద నిమ్మకాయలు నిలబెట్టడం పౌరుషాన్ని చెబుతుంది. ‘నిమ్మకు నీరెత్తినట్లు’ అన్నది ఉదాసీనతను చెబుతుంది. పండు కంటికి కనిపించింది, కాయ చేతికి అందింది. నాలుకకు మాత్రం చోటు దక్కలేదు.

షడ్రుచుల వర్గీకరణ ఈ ఖాళీని పూర్తిగా పూరించలేదు. పులుపు, తీపి, చేదు, వగరు అన్న మాటలు రుచి జాతిని చెబుతాయి గాని, అది పండులో ఏ భాగానిదో, ఎప్పుడు పుడుతుందో చెప్పవు. పంపరపనసలో తొన తియ్యగా ఉన్నా, దానిని చుట్టిన పొర చేదుగా ఉంటుంది. నారింజిన్ అనే పదార్థం దీనికి ముఖ్య కారణం. బత్తాయి రసం తీసిన వెంటనే తియ్యగా ఉండి, నిలవ ఉన్నకొద్దీ చేదెక్కుతుంది. ఇది లిమోనిన్ వల్ల కలిగే మార్పు. నిమ్మతొక్కలోని తైలపు ఘాటు ఆరింటిలో దేనికీ సరిగా ఒదగదు.

ఈ భేదాలను తెలుగు చెప్పలేకపోలేదు. అది వాటిని క్రియలలో చెప్పింది. రసం ‘చేదెక్కుతుంది’. ఉప్పు పడిన నిమ్మచెక్క ‘ఊరుతుంది’. పులుపు తిన్న పళ్ళు ‘పులుస్తాయి’. ‘ఊరు’ అన్న ఒక్క ధాతువే ఊరగాయలోనూ, నోరూరడంలోనూ ఉంది: ఒకచోట కాయలో జరిగే మార్పు, మరొకచోట తినేవారిలో జరిగే స్పందన. రుచి వస్తువులో ఉన్న స్థిరగుణం కాదు, కాలంలో జరిగే వ్యాపారం అన్న అవగాహన ఈ ప్రయోగాలలో ఇమిడి ఉంది. ‘ఫలవిశేషము’ అన్న నామనిర్వచనానికి అందనిది ఇదే.

రుచి వ్యక్తిగతానుభవం కనుక నిఘంటువుకు లొంగదన్న ఆక్షేపణ రావచ్చు. కాని చేదెక్కడం, ఊరడం వంటి మాటలు ఒక్కరి అనుభూతిని కాక, ఇంటిల్లిపాదీ పరీక్షించి అంగీకరించే స్థితులను చెబుతాయి. ఇటువంటి పదజాలాన్ని వ్యవహర్తల నుండి సేకరించే పద్ధతి తెలుగుకు కొత్త కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం అందుకు మార్గం చూపింది.

ఆ మార్గంలో రుచి క్రియలను సేకరించడానికి భిన్న వ్యవహారాలు కలిసే ఊళ్ళు అనువైనవి. నర్సీపట్నానికి సమీపంలో, మన్యపు అంచున ఉన్న కృష్ణదేవిపేట అటువంటిది. 1922 ఆగస్టులో పోలీసు ఠాణాపై జరిగిన దాడి, అల్లూరి సీతారామరాజు సమాధి ఆ ఊరిని చరిత్రలో నిలిపాయి. మైదానపు మాట, మన్యపు మాట ఎదురుపడే అక్కడ, దబ్బకాయను ఎలా కోస్తారో, ఎంతకాలం ఊరనిస్తారో, చేదు విరిగిందని ఏ మాటతో చెబుతారో అడిగి నమోదు చేయవచ్చు.

కొన్న ఊరగాయ ఇంటి జాడీ స్థానాన్ని ఆక్రమిస్తున్న కొద్దీ ఈ క్రియలు వాడే సందర్భాలు తగ్గుతాయి. పండు పేరు అంగడిలో మిగులుతుంది. దాని రుచిని విడమరిచే మాట మిగలకపోవచ్చు. కనుక రాబోయే నిఘంటువులు నిమ్మజాతి ఫలాల ఆరోపాల కింద భాగాన్ని, కాలాన్ని, క్రియను కూడా చేర్చడం అవసరం.