గాలికి దారి వేసినవాళ్లు

పాత ఇళ్ల ప్లాన్లు చదవడం నాకు వ్యసనం. ఏ ప్లాను చేతికొచ్చినా, గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందో ముందు వేలితో గీసుకుంటాను. ఈ వారం నా బల్ల మీద ఉన్నది ఓక్ ఆలీ. అమెరికాలో లూసియానా రాష్ట్రంలో, మిసిసిపీ నది పక్కన ఒక చెరకు తోట యజమాని కట్టించుకున్న భవనం. ఆ యజమాని ఝాక్ తెలెస్ఫోర్ రోమన్ 1837లో పని మొదలుపెట్టించాడు, 1839లో పూర్తయింది.

అక్కడి వేసవి ఉక్కపోతకు ఈ ఇల్లు మంచి జవాబు. నాలుగు వైపులా వెడల్పాటి వరండా ఉంది కాబట్టి ఎండ నేరుగా గోడకు తగలదు. గోడల మందం 16 అంగుళాలు. మధ్య హాలులో తలుపుకు ఎదురుగా తలుపు. నది వైపు నుంచి రెండు వరసల్లో 28 ఓక్ చెట్లు, సుమారు 800 అడుగుల నీడ. ఆ నీడలోంచి గాలి సూటిగా ఇంట్లోకి వస్తుంది. చెట్లు ఇంటికన్నా ఎంతో పాతవి. వాటిని చూసుకునే ఇంటిని నిలబెట్టారు. చుట్టూ ఉన్న స్తంభాలూ 28. గ్రీకు గుళ్ల తీరులో కనిపిస్తాయి గానీ పాలరాయి కాదు. ఇటుక కట్టి పైన పూత పూశారు.

ఆ ఇటుకలు అక్కడే చేశారు. కట్టుబడి కాంట్రాక్టు తీసుకున్న జార్జ్ స్వేనీ పేరు చరిత్రలో ఉంది. మట్టి తొక్కి, ఇటుక కోసి, గోడ లేపిన బానిసల్లో ఎవరు ఏ పని చేశారో ప్లాను చెప్పదు.

భోజనాల గదికి వస్తే నా వేలు ఆగిపోతుంది. బల్ల మీద వేలాడే పంకా. మన దేశంలో దొరల బంగళాల్లో తాడుతో లాగించిన పంకా లాంటిదే. వరండాలూ ఎదురెదురు తలుపులూ ఉన్నా, యజమాని అన్నం తినేంతసేపూ గాలి తగిలేలా, ఈగలు వాలకుండా ఒక బానిస పిల్ల తాడు లాగుతూ నిలబడాలి. ఇంటి చల్లదనంలో కొంత మేస్త్రీ తెలివి, మిగతాది ఆ చేతుల నొప్పి.

ఆ బానిసల్లో బాగా గుర్తుండిపోయిన పేరు ఆంత్వాన్. ఇంటిపేరు లేదు. తోటమాలి, అంటు కట్టడంలో దిట్ట. 1840లలో పీకాన్ చెట్లకు అతను కట్టిన అంట్ల నుంచి వచ్చిన పలచ పెంకు రకం 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో బహుమతి పొంది ‘సెంటెనియల్’ అని పేరు తెచ్చుకుంది. రోమన్ 1848లో పోయాక రాసిన ఆస్తుల జాబితాలో ఆంత్వాన్ వెల వెయ్యి డాలర్లు.

1925లో స్టీవర్ట్ దంపతులు కొని బాగు చేయించబట్టి భవనం నిలిచింది. బానిసల గుడిసెలను అలా కాపాడినవాళ్లు లేరు. ఇప్పుడు అక్కడ కనిపించే ఆరూ ఈమధ్య కొత్తగా కట్టినవి. ఏది మిగలాలో నిర్ణయించేది ఇటుక గట్టితనం ఒక్కటే కాదు, బాగు చేయడానికి డబ్బు పెట్టేవాళ్ల ఇష్టం కూడా.

అమెరికాలో ఉన్న మనవాళ్లు న్యూ ఆర్లీన్స్ వైపు వెళ్తే ఈ ఇల్లు చూడకుండా రావద్దు. నిర్మాణంగా అది గొప్పదే, ఆ మాట దాచక్కర్లేదు. కానీ ఓక్ చెట్ల కింద ఫొటోలు దిగేముందు గుడిసెల దగ్గర మొదలుపెట్టండి. అక్కడ రాసిపెట్టిన బానిసల పేర్లు చదివాకే భవనం మెట్లెక్కండి.